డబ్బా కొత్తదే, లోపల సామాను సంగతేంటి?

ఉత్తరపాడా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. మనం ఇప్పటికీ ఫియట్ అనే పిలిచే ప్రీమియర్ పద్మిని అంతకన్నా పదేళ్ళు పైనే ముందు ఆగింది. అయినా ఆత్మకూరు, ఉదయగిరి చుట్టుపక్కల ఊళ్ళల్లో ఏ వేపచెట్టు కిందో, ఏ పాత మిద్దె పంచలోనో టార్పాలిన్ కప్పుకుని ఒక అంబాసిడరో, ఫియటో, మహీంద్రా జీపో కనబడుతూనే ఉంటుంది. తాత కొన్నదనీ, పెళ్ళికూతుర్ని తీసుకొచ్చిన బండనీ ఇంట్లోవాళ్ళు అమ్మనివ్వరు. చివరికి ఒక మనవడు పూనుకుని ఇంజన్ పని మొదలుపెడతాడు.

మొదలుపెట్టాక తెలుస్తుంది అసలు తిప్పలు ఎక్కడున్నాయో. మెకానిక్ దొరుకుతాడు, లేత్ షాపూ దొరుకుతుంది. దొరకనిది నికార్సైన సామాను. కంపెనీయే లేనప్పుడు కంపెనీ సామాను ఎక్కడిది? పాత ముక్కను చూసి కొలత తీసి చిన్న వర్క్‌షాపుల్లో చేసిన సరుకే ఎక్కువ. అందులో మంచిదీ ఉంది, రంధ్రం పక్కకు పడిన గాస్కెట్టూ ఉంది, పచ్చి ఇనుముతో చేసిన టాపెట్టూ ఉంది. ఇంజన్ బిగించి స్టార్టు చేశాక లోపం బయటపడితే దుకాణదారు ఆ ముక్కను మార్చి ఇస్తాడేమో గానీ, మళ్ళీ ఇంజన్ దించి విప్పిన కూలి ఇవ్వడు. అందుకని పరీక్ష ఏదైనా బిగించకముందే జరగాలి. దానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు, సగం వంటింట్లోనే ఉన్నాయి.

1. పాత సామాను పారేయొద్దు. మిగతా చిట్కాలన్నీ మరిచిపోయినా ఇది ఒక్కటి గుర్తుంటే చాలు. అరిగినా, విరిగినా, తుప్పు పట్టినా, కొత్త ముక్క సరైనదో కాదో చెప్పే సాక్షి అదొక్కటే. ఎత్తు, రంధ్రాల మధ్య దూరం, మరల పిచ్చు, అంచు వంపు అన్నీ దాంట్లో ఉన్నాయి. విప్పిన రోజే కిరోసిన్‌లో కడిగి, తుడిచి, నూనె చెయ్యి రాసి, పాత బిస్కెట్ డబ్బాల్లో సర్దండి. ఏది ఏ సిలిండర్‌దో, ముందువైపుదా వెనకవైపుదా చీటీ రాసి పెట్టండి. షెడ్డులో వదిలేస్తే మరుసటి వారానికల్లా పాత ఇనుము బండి ఎక్కేస్తుంది. కొత్త సామాను కనీసం వెయ్యి కిలోమీటర్లు తిరిగేదాకా ఈ డబ్బాలు ఇంట్లోనే ఉండాలి.

ఇంకొక మాట. అన్నీ కొత్తవి వేయాలన్న పంతం వద్దు. కనెక్టింగ్ రాడ్లు, రాకర్లు, టైమింగ్ గేర్లు, డిస్ట్రిబ్యూటర్ బాడీ లాంటివి కొలతలో నిలబడితే పాతవే మేలు. యాభై ఏళ్ళు పనిచేసి చూపించిన ఇనుమును పక్కనబెట్టి, ఊరూ పేరూ లేని డబ్బాలోని ఇనుమును నమ్మడంలో నాకైతే తెలివి కనబడదు.

2. "అంబాసిడర్‌కి గాస్కెట్ ఇవ్వన్నా" అంటే చాలదు. ఆ బండిలో 1489 సీసీ బీఎంసీ పెట్రోలు ఇంజన్ ఉంది, అదే కుటుంబంలో డీజిలు ఉంది, 1992 నుంచి ఇసుజు 1817 సీసీ పెట్రోలు కూడా వచ్చింది. జీపుల సంగతి ఇంకా గందరగోళం. హరికేన్ పెట్రోలు, ఇంటర్నేషనల్ డీజిలు, ప్యూజో డీజిలు, ఇవన్నీ బయటినుంచి చూస్తే ఒకే జీపు. పైగా మన మెట్టలో పెట్రోలు తీసేసి డీజిలు ఎక్కించిన బండ్లు బోలెడు. బానెట్ ఎత్తి, బ్లాకు మీది నంబరు ఫోటో తీసుకుని, ఆ ఫోటో చూపించి అడగండి.

3. కొనడానికి వెళ్ళేటప్పుడు సంచిలో నాలుగు ఉండాలి: పాత ముక్క, వెర్నియర్, చిన్న అద్దం పలక, మాన్యువల్‌లోని కొలతలు రాసుకున్న కాగితం. ఉదయగిరి నుంచి నెల్లూరుకే వంద కిలోమీటర్ల దాకా ఉంది. నెల్లూరులో దొరక్కపోతే చెన్నై జీపీ రోడ్డు, లేదంటే పాత బండ్ల సామానుకు పేరుపడ్డ పుదుపేట. అంత దూరం పోయి డబ్బా విప్పకుండా తెచ్చుకోవడం అన్యాయం.

విప్పుతామంటే కొందరికి నచ్చదు. "అందరూ ఇదే తీసకపోతున్నారు సామీ, ఎవరూ తిరిగి తేలేదు" అంటారు. "నిజమేన్నా, అయినా ఒకసారి పాతదాని పక్కన పెట్టి చూసుకుంటా" అని నవ్వుతూనే విప్పండి. విప్పనివ్వని చోట కొనొద్దు. ఆర్టీసీ పార్సిల్‌లోనో కొరియర్‌లోనో తెప్పిస్తే, సీలు తీయడం దగ్గర్నుంచి ముక్క మీద కొలత పెట్టేదాకా ఫోన్లో వీడియో తీయండి. తర్వాత పేచీ వస్తే అదే ఆధారం.

పాత స్టాకు అని, కంపెనీ ఉన్నప్పటి డబ్బా అని ఎక్కువ ధర చెబుతుంటారు. పిస్టన్లు, బేరింగులు, గేర్లు అయితే ఇచ్చి తెచ్చుకోవచ్చు. రబ్బరు సీళ్ళు, డయాఫ్రాలు, కార్కు గాస్కెట్లు మాత్రం ఎంత ఒరిజినలైనా వద్దు. ముప్పై ఏళ్ళు డబ్బాలో ఉన్న రబ్బరు వంచితే పగులుతుంది.

4. పిస్టన్లు ముందు, బోరింగ్ తర్వాత. ఇది తారుమారై ఎందరి బ్లాకులు పాడయ్యాయో లెక్కలేదు. 1489 సీసీ ఇంజన్ బోరు అసలు కొలత 73.025 మిల్లీమీటర్లు. అరిగాక 20 థౌ, 30 థౌ, 40 థౌ అని ఓవర్‌సైజుకు పోతారు. థౌ అంటే అంగుళంలో వెయ్యోవంతు, 0.0254 మిల్లీమీటరు. లేత్ షాపులో "30 థౌకి కొట్టు" అని బ్లాకు అప్పజెప్పి, తర్వాత తీరుబడిగా పిస్టన్లు కొంటే, డబ్బా మీద 30 అని ఉన్న పిస్టన్ లోపల 28 ఉండొచ్చు, 31 ఉండొచ్చు. నాలుగూ ఒకేలా ఉంటాయన్న పూచీ కూడా లేదు. పిస్టన్లు తీసుకెళ్ళి బోరింగ్ మేస్త్రీ ముందు పెట్టండి. ఒక్కొక్కటి కొలిచి, దాని నెత్తిన నంబరు వేసి, ఆ సిలిండర్‌ను ఆ పిస్టన్‌కే కొట్టమనండి.

కొలిచేచోటు కూడా ముఖ్యం. పిస్టన్ చూడటానికి గుండ్రంగా ఉన్నా నిజానికి కొంచెం కోలగా, పైన సన్నగా కింద లావుగా ఉంటుంది. పిన్నుకు అడ్డంగా, స్కర్టు దగ్గర కొలవాలి. పిన్ను దిక్కుగా కొలిచి "తక్కువుంది" అని దుకాణంలో గొడవ పెట్టుకోకండి.

తూకం సంగతి. నాలుగు పిస్టన్లు ఒకే బరువు ఉండకపోతే ఇంజన్ వణుకుతుంది. వంటింటి డిజిటల్ త్రాసు సరిపోతుంది. అది గ్రాముల దగ్గర తడబడేరకమైతే బజార్లో తెలిసిన బంగారు కొట్టులో అడగండి. నూనె తుడిచి, శుభ్రమైన గుడ్డలో చుట్టి తీసుకెళ్తే కాదనరు. తేడా రెండు మూడు గ్రాములైతే బాధ లేదు. పది గ్రాములొస్తే సెట్టు మార్చమనండి. మార్చకపోతే తేలికైనదాన్ని లెక్కగా పెట్టుకుని, బరువైనవాటి లోపలి నుంచి లేత్ మేస్త్రీతో కొద్దికొద్దిగా తీయించుకోవాలి. ఇంట్లో గ్రైండర్ పెట్టే పని కాదది.

5. రింగులకు దీపం పరీక్ష. బోరింగ్, హోనింగ్ అయ్యాక బ్లాకును శుభ్రంగా కడిగి ఆరనిచ్చి, సాయంత్రం చీకటి పడ్డాక చేయండి. ఒక రింగును చేత్తో నొక్కి సిలిండర్‌లో పెట్టి, పిస్టన్‌ను తలకిందులు చేసి దాంతో అంగుళం లోతుకు తోయండి. అలా తోస్తే రింగు వంకర లేకుండా సమంగా కూర్చుంటుంది. ఇప్పుడు బ్లాకు కింద బల్బు పెట్టి, రింగు నడుమ వెలుతురు రాకుండా అట్టముక్క గుండ్రంగా కత్తిరించి కప్పి, పైనుంచి చూడండి. మంచి రింగు అయితే మూతి కలిసే సందులో తప్ప ఎక్కడా వెలుగు కనబడదు. నాసిరకానిదైతే ఒక పక్కన గోరంత నెలవంక మెరుస్తుంది. ఆ నెలవంక గుండానే రేపు ఆయిలు పైకీ, పొగ కిందికీ పోతాయి. కొద్దిపాటి వెలుగైతే రన్-ఇన్‌లో సర్దుకుంటుందని పెద్ద మేస్త్రీలు అంటారు గానీ, రింగు చుట్టులో పావు వంతు వెలుగొస్తే ఆ సెట్టు వెనక్కే.

అక్కడే మూతి సందు కూడా ఫీలర్ గేజితో చూడండి. బోరు వ్యాసం అంగుళానికి 3 నుంచి 4 థౌ అన్నది పాత లెక్క. అంబాసిడర్ బోరుకు 9 నుంచి 12 థౌ వస్తుంది. సందు తక్కువైతే భయపడాలి. వేడికి రింగు సాగి రెండు కొసలూ గుద్దుకుని బోరును గీకేస్తుంది. అలాంటప్పుడు ఒక కొసను మాత్రమే సన్న ఆకురాయితో నిటారుగా రుద్ది సందు పెంచుకోవచ్చు. ఎక్కువైతే చేసేదేమీ లేదు, మార్చుకోవడమే. పన్నెండు రింగుల సెట్టైతే పన్నెండూ చూడాలి, నాలుగు చూసి తృప్తి పడొద్దు. "టాప్" అని గుర్తున్న ముఖం పైకి ఉండాలన్నది మెకానిక్‌కు తెలుసు. అయినా పక్కన నిలబడి చూసుకోండి.

6. బేరింగులను వేళ్ళతో చదవాలి. అంబాసిడర్ పాత పెట్రోలు ఇంజన్‌లో మెయిన్ బేరింగులు మూడే. క్రాంకు గ్రైండింగ్ చేయించాక 10, 20, 30 అని అండర్‌సైజు షెల్సు కొంటారు. సగం షెల్లును తిరగేసి వీపు చూడండి, కొలత అచ్చు వేసి ఉంటుంది. డబ్బా మీద 20, వీపు మీద 10 అని దొరకడం వింత కాదు. డబ్బాలు దుకాణాల్లో చేతులు మారుతుంటాయి. లోపలి ముఖం మీద గోరు లాగండి, ఎక్కడా తట్టకూడదు. కొసన ఉన్న చిన్న నాలుక క్యాపులోని గాడిలో సాఫీగా కూర్చోవాలి. బలవంతంగా కూర్చుంటోందంటే అది ఆ ఇంజన్‌ది కాదు. షెల్లు కొసలు కొద్దిగా విచ్చుకుని ఉండి, బొటనవేలితో నొక్కితే టక్కున కూర్చోవాలి. కూర్చున్నాక రెండు అంచులూ క్యాపు కన్నా వెంట్రుకవాసి పైకి తేలి ఉండాలి. ఆ తేలిన భాగమే బిగించినప్పుడు నలిగి షెల్లును కదలకుండా పట్టుకుంటుంది. అంచు క్యాపుకు సమంగానో లోపలికో ఉంటే షెల్లు తిరిగిపోతుంది, క్రాంకు పోతుంది.

అన్నిటికన్నా ముందు నూనె రంధ్రం. షెల్లు బ్లాకులో పెట్టి టార్చి వేయండి. షెల్లు రంధ్రం, బ్లాకు రంధ్రం ఒకదాని మీద ఒకటి రావాలి. సగం మూసుకుంటే ఆ బేరింగుకు సగం ఆయిలే.

క్లియరెన్సు కొలవడానికి ప్లాస్టిగేజ్ అనే మైనపు తీగ దొరికితే మంచిది. దొరక్కపోతే పాతకాలపు పద్ధతి ఉంది. 2 థౌ మందం ఇత్తడి రేకును అరంగుళం వెడల్పున కత్తిరించి, అంచులు రుద్ది, నూనె రాసి, జర్నలుకూ షెల్లుకూ మధ్య పెట్టి క్యాపు టార్కు ప్రకారం బిగించాలి. క్రాంకును చుట్టూ తిప్పకూడదు, అటూ ఇటూ వేలెడు కదపాలి. బిగుసుకుంటే క్లియరెన్సు 2 థౌ లోపే ఉంది, మంచిదే. రేకు పెట్టినా హాయిగా కదిలితే షెల్లు లూజు. రేకు తీసేశాక కూడా బిగుతుగానే ఉంటే అది ఇంకా ప్రమాదం.

7. టాపెట్లు, క్యామ్‌షాఫ్టు. కొత్త సామానులో నన్ను బాగా భయపెట్టేది ఇదే. ప్రపంచమంతా పాత ఇంజన్లు కట్టుకునేవాళ్ళు మొత్తుకునేదీ ఇదే. టాపెట్ అడుగు గట్టిపడకపోతే కొన్ని గంటల్లోనే గుంటపడి, క్యామ్ కొమ్మును కూడా తినేస్తుంది. ఆ ఇనుప పొడి ఆయిలుతో కలిసి కొత్త బేరింగుల్లోకి పోతుంది. ఒక్క నాసి టాపెట్ మొత్తం ఖర్చును మట్టి చేయగలదు.

సన్నపళ్ళ కొత్త ఆకురాయి తీసుకుని టాపెట్ పక్క అంచున, క్యాము తగలని చోట, మెల్లగా లాగండి. గట్టి ఇనుము మీద ఆకురాయి గాజు మీద జారినట్టు జారుతుంది. పచ్చి ఇనుమైతే పట్టుకుని పొడి రాలుస్తుంది. పొడి రాలిందా, డబ్బాలో పెట్టి వెనక్కి పంపండి. పాత టాపెట్ మీద కూడా ఒకసారి లాగి చూస్తే తేడా చేతికే తెలుస్తుంది.

కొత్త క్యాముకు పాత టాపెట్లు వేయొద్దు, అవి పాత కొమ్ములకు అలవాటుపడి అరిగాయి. పాత క్యాము బాగుండి పాత టాపెట్లే వేస్తుంటే మాత్రం దేని స్థానంలో దాన్నే వేయాలి. బిడ్డను కుదురుగా పడుకోబెట్టాకే ఊయల ఊపినట్టు, క్యాము కొమ్ములకు మాలీబ్డినం పేస్టు దట్టంగా పూశాకే ఇంజన్ తిప్పాలి. స్టార్టైన వెంటనే ఐడిల్‌లో వదలకుండా 2,000 ఆర్పీఎం దగ్గర 20 నిమిషాలు ఉంచాలి. తర్వాత రాకర్ కవరు తీసి ఐడిల్‌లో పుష్ రాడ్లను చూడండి. అన్నీ మెల్లగా తమ చుట్టూ తాము తిరుగుతుండాలి. తిరగనిది ఏదైనా ఉంటే దాని టాపెట్ తేడా.

ఆయిలు విషయంలో ఖరీదైనదే మంచిదనుకోకండి. ఈనాటి కార్ల కోసం చేసే పలుచటి ఆయిళ్ళలో జింకు, ఫాస్ఫరసు తగ్గించారు, క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవకుండా. మన టాపెట్లను కాపాడేది ఆ జింకే. 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిలు, డబ్బా వెనక వివరాలు చదివి తీసుకోండి.

8. పుష్ రాడ్లు, వాల్వులు అద్దం మీద దొర్లించండి. డ్రెస్సింగ్ టేబుల్ అద్దమో కిటికీ పలకో చాలు. వంకర ఉంటే దొర్లేటప్పుడు కింద వెలుగు మినుకుమినుకుమంటుంది. పుష్ రాడ్లన్నీ అద్దం మీద నిలబెట్టి ఎత్తు సరిచూడండి. కొత్త వాల్వ్ గైడు హెడ్డులోకి కొట్టాక లోపలి రంధ్రం బిగుసుకుంటుంది, రీమర్ వేయించకుండా వాల్వు దూర్చొద్దు.

9. హెడ్ గాస్కెట్. బిగించే రోజు కాదు, కొన్న రోజే బ్లాకు మీద పరచండి. ఒక్కో రంధ్రంలో అగ్గిపుల్ల దూర్చి చూడండి: నీళ్ళ దారులు, స్టడ్లు, పుష్ రాడ్ల రంధ్రాలు. అన్నిటికన్నా చిన్నది, జనం చూడకుండా వదిలేసేది రాకర్ షాఫ్టుకు ఆయిలు పోయే దారి. అది మూసుకుంటే పైన రాకర్లు ఎండిపోయి కీచుమంటాయి, ఇంజన్ కింద మాత్రం ఆయిల్ ప్రెషరు చక్కగా చూపిస్తుంది. బోరు పెంచిన ఇంజన్‌లో గాస్కెట్ లోహపు అంచు సిలిండర్ లోపలికి తొంగిచూడకూడదు. తొంగిచూస్తే అది ఎర్రగా కాలి, స్పార్కు రాకముందే పెట్రోలును అంటిస్తుంది. రంధ్రం కాస్త పక్కకుందని మెకానిక్ పంచ్ తీసుకుంటే ఆపండి. కార్కు గాస్కెట్ అయితే ఫరవాలేదు, రాగి పొరల గాస్కెట్‌ను ఇంట్లో పొడిస్తే పొరలు విడిపోతాయి.

10. పోతపోసిన సామానుకు సున్నం. వాటర్ పంపు బాడీ, మానిఫోల్డు, సెకండ్ హ్యాండ్ హెడ్డు లాంటివాటిలో కంటికి కనబడని పగుళ్ళు ఉంటాయి. ముక్కను కడిగి ఆరబెట్టి, అంతటా కిరోసిన్ పూసి అరగంట ఆగండి. పొడిగుడ్డతో గట్టిగా తుడిచి, సున్నం పలుచగా పూసి ఎండనివ్వండి. కిరోసిన్ ఇప్పుడు రేషన్లో రాదు కాబట్టి డీజిలైనా సరే. పగులు ఉంటే లోపల దాగిన నూనె పైకి ఊరి, తెల్లటి సున్నం మీద సన్నటి నల్లగీతగా కనబడుతుంది. క్రాంకును తాడుతో వేలాడదీసి చిన్న సుత్తితో తట్టండి. గంటలా మోగితే మంచిది, మొద్దుగా పలికితే అనుమానించి క్రాక్ టెస్టుకు పంపండి.

11. థర్మోస్టాట్‌ను గిన్నెలో కాచండి. దారంతో కట్టి, గిన్నె అడుగు తగలకుండా నీళ్ళలో వేలాడదీసి, పక్కన థర్మామీటరు పెట్టండి, జ్వరానిది కాదు. అంచున కొట్టిన అంకె, 74 గానీ 82 గానీ, దగ్గరకు రాగానే తెరుచుకోవడం మొదలై, నీళ్ళు మరిగేలోపు పూర్తిగా తెరుచుకోవాలి. చల్లారాక మూసుకోవాలి కూడా. ఎండలు ఎక్కువని అసలు థర్మోస్టాటే తీసేయడం మన దగ్గర అలవాటు, నాకది నచ్చదు. ఇంజన్ ఎప్పటికీ సరిగ్గా వేడెక్కక బోరు తొందరగా అరుగుతుంది. ఆ గిన్నెలో మళ్ళీ పాలు కాచకండి.

12. రబ్బరును పెట్రోలులో నానబెట్టండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాతరకం రబ్బరు దాన్ని తట్టుకోదు, ఉబ్బుతుంది లేదా జిగటగా మారుతుంది. కొత్త పెట్రోలు గొట్టం నుంచి రెండంగుళాలు కోసి, సగాన్ని పెట్రోలు పోసిన గాజు సీసాలో వేసి, మిగతా సగాన్ని బయట ఉంచండి. వారం తర్వాత పక్కపక్కన పెట్టి చూడండి. లావెక్కినా, వేలికి నలుపు అంటినా, పెట్రోలు రంగు మారినా ఆ గొట్టం వద్దు. ఫ్యూయల్ పంపు డయాఫ్రం విడి సెట్టుగా వస్తే దానికీ ఇదే పరీక్ష. సీసా ఇంటి బయట, నీడలో, పిల్లలకు అందని చోట, పొయ్యికి దూరంగా ఉండాలి.

13. వాటర్ పంపుకు గోధుమపిండి ముద్ద. కొత్త పంపులో ఫ్యాను హబ్ లోతు తేడాగా కొట్టి ఉంటుంది, లేదా లోపలి చక్రం బ్లాకుకు రాసుకుంటుంది. పాత పంపు, కొత్త పంపు గచ్చు మీద పక్కపక్కన నిలబెట్టి హబ్ ఎత్తు చూడండి. ఆ తర్వాత చపాతీ పిండి చిన్న ముద్ద చక్రం మీద అంటించి, గాస్కెట్‌తో సహా పంపును వేసి, బిగించి, విప్పండి. ముద్ద ఎంత మందాన మిగిలిందో అదే సందు. పిండి నలిగి ఇనుము బయటపడితే చక్రం రాసుకుంటుందన్నమాట. పని అయ్యాక పిండి అంతా గీకేయండి.

నీళ్ళ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఉదయగిరి, వరికుంటపాడు వైపు బోరు నీళ్ళల్లో ఫ్లోరైడు సంగతి అందరికీ తెలుసు. అయితే ఇంజన్‌కు చెరుపు చేసేది ఆ నీళ్ళల్లోని సున్నం. కాగు అడుగున తెల్లగా పేరుకునేదే రేడియేటర్ గొట్టాల్లోనూ పేరుకుంటుంది. అప్పుడు బండి కాగితే జనం కొత్త పంపును తిడతారు. బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటరూ కూలెంటూ కలిపి పోయండి.

14. కరెంటు సామాను ఒక్కొక్కటే మార్చండి. కండెన్సరు, రోటరు, పాయింట్లు, క్యాపు, కాయిలు అన్నీ ఒకేసారి కొత్తవి వేసి, ఇంజన్ స్టార్టు కాకపోతే తప్పు దేనిదని వెతుకుతారు? ఇంజన్‌ను ముందు పాతవాటితోనే నడిపించండి. తర్వాత రోజుకొకటి మార్చండి. కొత్త కండెన్సర్లలో చాలావాటి జబ్బు ఒకటే. చల్లగా ఉన్నప్పుడు బ్రహ్మాండంగా పనిచేసి, వేడెక్కాక చచ్చిపోతాయి. బండి దారిలో ఆగి, ఇరవై నిమిషాలు ఆగితే మళ్ళీ స్టార్టయిందంటే కార్బురేటర్ విప్పకముందు కండెన్సరు మార్చి చూడండి. అందుకోసం పాత మంచి కండెన్సరు డ్యాష్‌బోర్డు అరలో ఎప్పుడూ ఉండాలి. రోటరు నాసిదైతే మధ్యలోని రివెట్టు గుండా కరెంటు కిందికి దూకుతుంది. రాత్రిపూట లైట్లు ఆర్పి చూస్తే డిస్ట్రిబ్యూటర్ చుట్టూ నీలం మెరుపులు కనబడటం కూడా మంచి లక్షణం కాదు.

15. ఆయిల్ సీలు కొట్టడానికి ఇనుము వాడొద్దు. ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చేసేవాళ్ళ దగ్గర తగిన కొలత గుండ్రటి చెక్క దిమ్మ చేయించుకుంటే సీలు అంచు చెదరకుండా లోపలికి దిగుతుంది. భౌగోళిక గుర్తింపు పొందిన ఆ గరిటెలు ఇంకోపనికీ వస్తాయి. ఫియట్ హెడ్డు అల్యూమినియంది, పాత గాస్కెట్ గీకడానికి ఉలి పెడితే గీతలు పడతాయి. విరిగిన చెక్క చెంచా పదును చేసి గీకండి. ఇక అంబాసిడర్ పాత ఇంజన్ వెనకవైపు అసలు రబ్బరు సీలే లేదు, ఆయిలును వెనక్కి తిప్పే మరగాడి మాత్రమే ఉంది. బండి ఆపినచోట రెండు చుక్కలు పడితే కొత్త సామానును నిందించకండి.

16. ఏ కొత్త ముక్కనూ డబ్బాలోంచి నేరుగా ఇంజన్‌లోకి పంపొద్దు. లేత్ పొడి, తుప్పు రాకుండా పూసిన మైనం, అట్టముక్కలు ఉంటాయి. క్రాంకు నూనె దారుల్లో సన్న బ్రష్షు దూర్చి, సబ్బు కలిపిన వేడినీళ్ళతో కడిగి, ఆరగానే ఆయిలు రాయండి.

17. మొదటి స్టార్టు, మొదటి దారి. ప్లగ్గులు తీసేసి, ఆయిల్ ప్రెషరు ముల్లు లేచేదాకా స్టార్టరుతో తిప్పి, ఆ తర్వాతే ప్లగ్గులు వేయండి. మొదటి వేడి చల్లారాక మాన్యువల్ చెప్పిన వరుసలో హెడ్ నట్లు మళ్ళీ సరిచూసి, టాపెట్లు సెట్ చేయండి. మొదటి 500 కిలోమీటర్లకు మనకు సొంత రన్-ఇన్ రోడ్డు ఉంది: ఆత్మకూరు నుంచి సంగం, బుచ్చిరెడ్డిపాళెం మీదుగా నెల్లూరు. చదునైన దారి. ఒకే వేగంతో పోకుండా పెంచుతూ తగ్గిస్తూ పొండి. మర్రిపాడు దాటి బద్వేలు వైపు వెలికొండలు ఎక్కించే పని తర్వాత పెట్టుకోవచ్చు. వేసవిలో అయితే తెల్లారుజామునే బయల్దేరండి.

500 దగ్గర ఆయిలు దించి తెల్ల పంచె గుడ్డలో వడగట్టండి. బూడిదరంగు మెత్తటి మసి సహజం. వెండిపొడిలా, రాగిపొడిలా మెరిస్తే బేరింగు. అయస్కాంతానికి మీసాల్లా అంటుకుంటే టాపెట్టో రింగో. అక్కడే ఆపి విప్పితే క్రాంకు దక్కుతుంది.

18. బిల్లు లేకుండా కొనొద్దు. "జీఎస్టీ లేకుండా అయితే తగ్గిస్తా" అన్న మాటకు లొంగితే రేపు అడిగే హక్కు బలహీనపడుతుంది. బిల్లు మీద ముక్క పేరు, కొలత, నంబరు రాయించండి. లోపం కనబడగానే ముక్కను రుద్దకుండా, కోయకుండా, వెర్నియర్ పెట్టి ఫోటో తీసి, దుకాణానికి రాతపూర్వకంగా చెప్పండి. మరమ్మతు చేశాక "నువ్వే పాడుచేశావు" అంటారు. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం సరుకు చెన్నైలో కొన్నా, మీరు ఉండేది ఆత్మకూరైతే నెల్లూరులోనే ఫిర్యాదు చేయవచ్చు. గడువు రెండేళ్ళు. 5 లక్షల లోపు సరుకైతే ఫీజు లేదు. బతుకుతెరువుకు సొంతంగా టాక్సీ తిప్పుకునేవాళ్ళకు కూడా ఈ హక్కు ఉంది.

19. ఇంజన్‌లో బ్లాకే మార్చాల్సివస్తే ముందు రవాణా శాఖ ఆఫీసులో అడిగి, ఆర్సీలో ఇంజన్ నంబరు మార్పించండి. బండికి 50 ఏళ్ళు దాటి, 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించే ఆలోచన ఉంటే ఇంకా జాగ్రత్త. ఛాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపంలో ఉండాలి. మొదటి రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ళకు చెల్లుతుంది, తర్వాత పొడిగింపుకు 5,000. పైగా ఆ నంబరు మీద బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించడానికి తప్ప రోజూ తిప్పకూడదు. వారం వారం ఆత్మకూరు బజారుకు వేసుకెళ్ళాలనుకునేవాళ్ళు మామూలు ఫిట్‌నెస్ చేయించుకుని ఉన్న రిజిస్ట్రేషన్‌నే పొడిగించుకోవడం నయం.